ఏటికీ, తంపరకీ 14 అడుగుల చెక్క పడవ: పెరట్లో కట్టే పద్ధతి

పడవలోకి నీళ్లు చెక్క ముఖంలోంచి రావు. కోసిన కొసల్లోంచి వస్తాయి, మేకు దిగిన బెజ్జంలోంచి వస్తాయి, అతుకు పక్క సందులోంచి వస్తాయి. చెట్టు బతికున్నప్పుడు వేరు నుంచి కొమ్మకి నీళ్లు మోసిన సన్న గొట్టాలే పలక కోశాక కొస దగ్గర నోళ్లు తెరుచుకుని కూర్చుంటాయి. ముఖానికి మూడు పూతల రంగు వేసి కొసని ఉత్తినే వదిలేసిన పడవ రెండు వానాకాలాల్లో అంచుల దగ్గర గోరు దిగేంత మెత్తబడుతుంది. మందం చెక్క వాడితే ఎక్కువ కాలం వస్తుందన్నది సగమే నిజం. సన్న చెక్కే వాడి కొసలన్నీ మూసిన పడవ దానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. కింద రాసిన పనిలో సగం ఈ నోళ్లు మూయడమే.

ఇక్కడ చెప్పేది అడుగు చదునుగా ఉండే ప్లైవుడ్ పడవ. పొడవు 14 అడుగులు, మధ్యలో అడుగు వెడల్పు 36 అంగుళాలు, పైన 48 అంగుళాలు. బరువు 90 కిలోల చిల్లర. నలుగురు పట్టుకుంటే చెట్టు కిందికి చేరుతుంది. 5 అంగుళాలు మునిగేసరికి పడవ బరువుతో కలిపి సుమారు 300 కిలోలు మోస్తుంది. అంటే ఇద్దరు మనుషులు, వల, చేపల గంప హాయిగా పడతాయి. మూడో మనిషి ఎక్కితే వల తగ్గించుకోవాలి. నాగావళి, వంశధార, చంపావతి నిలకడ నీళ్లకి, తోటపల్లి, మడ్డువలస లాంటి జలాశయాలకి, సోంపేట వైపు బీల, తంపరలకి (నీరు నిలిచే చిత్తడి నేలలకి), భావనపాడు పక్క ఉప్పుటేరుకి ఇది సరిపోతుంది. జలాశయంలో వేటకి మత్స్యశాఖ లైసెన్సు సంగతి ముందే కనుక్కోండి.

సముద్రానికి మాత్రం ఇది పనికిరాదు, ఏటి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటించకండి. మన తీరంలో అల ఒడ్డుకి దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుచుకు పడుతుంది. తెప్ప అక్కడ నిలబడేది దానికి కడుపు లేకపోవడం వల్లే. దుంగలు కలిపి కట్టింది కాబట్టి మీద పడ్డ నీరు సందుల్లోంచి దిగిపోతుంది. పాతకాలం కుట్టుపడవకి ఇనప మేకులే ఉండేవి కావు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. అడుగు ఇసుకని గుద్దుకున్నప్పుడు కుట్లు కాస్త సాగి పలక పగలకుండా కాచేవి. మనం కట్టేది బిగువు పెట్టె. సాగదు, నీరు పడితే నిండుతుంది. కుట్టు మాత్రం దీనికీ ఉంది. రాగి తీగతో కుట్టి, అతుకు గట్టిపడ్డాక తీగ కోసేస్తాం.

కాలం, సామాను

సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఉగాదికి ముగించేలా చూసుకోండి. గాలిలో తేమ తక్కువ, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, ఎపాక్సీ (రెండు పాళ్లు కలిపితే గట్టిపడే జిగురు) పనికి అసలు కుదరవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ తీరంలో వడ్రంగులు, ఫైబర్ పనివాళ్లు మరమ్మతుల్లో ఉంటారు కాబట్టి సాయానికి మనిషి దొరకడం కష్టం.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకీ ఊడని జిగురు) అన్న అక్షరాలు ఉండాలి. ఐఎస్ 303 అని ఉన్నది బీరువాలకి, అది వద్దు. ముద్ర ఒక్కదాన్నే నమ్మకండి. షీటు మూల నుంచి అరచెయ్యంత ముక్క కోయించి ఇంట్లో గిన్నెలో పగలంతా ఉడకబెట్టండి, ఎండబెట్టి మర్నాడు మళ్లీ ఉడకబెట్టండి. పొరల మధ్య చాకు మొన దూరితే ఆ షీటు వెనక్కి ఇచ్చేయండి. అంచు వెంట వెలుతురుకి పెట్టి చూడండి, లోపలి పొరల్లో ఖాళీలు కనబడతాయి. ఒకటి రెండు ఉంటే నింపుకోవచ్చు. అంచు పొడుగునా బొరియలుంటే వద్దు.

కావలసినవి ఇవి. 8×4 అడుగుల 6 మి.మీ. షీట్లు రెండు (పక్కలకి), 9 మి.మీ. షీట్లు రెండు (అడుగుకి). ఎపాక్సీ, గట్టిపరిచేదానితో కలిపి, 10 నుంచి 11 కిలోలు. 3 అంగుళాల గాజు గుడ్డ టేపు 35 మీటర్లు, అడుగు మీద పరవడానికి 200 గ్రాముల నేత గాజు గుడ్డ 5 చదరపు మీటర్లు. మోటార్ రీవైండింగ్ షాపులో దొరికే 18 గేజీ రాగి తీగ 20 మీటర్లు. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ఏటికైతే 304, ఉప్పునీటికైతే 316. ఇనప స్క్రూ వద్దే వద్దు. మద్ది లాంటి వగరు చెక్కలో ఇనుము దిగితే చుట్టూ నల్లబడి, చెక్క పిండిలా రాలి, చివరికి స్క్రూ వేలితో ఊడి వస్తుంది.

ఫైబర్ బోట్ల షెడ్డులో చవగ్గా దొరికే పాలియెస్టర్ రెసిన్‌తో పని కానిద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది ఫైబర్ మీద ఫైబర్‌కి బాగా పడుతుంది, చెక్కకి పట్టదు. ఏడాది తిరిగేసరికి గాజు గుడ్డ అప్పడంలా లేచి, కింద నీరు నిలిచి, చెక్క చీకుతుంది. అక్కడి తరుగు మ్యాట్‌ని (గాజు పోగులు తరిగి అతికిన చాపని) ఎపాక్సీతో వాడదామన్నా కుదరదు. దాని పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో బిర్రుగా ఉండిపోయి మూలలకి ఒదగదు. నేత గుడ్డే తీసుకోండి.

పక్కల్ని లోపల నుంచి అడ్డంగా పట్టి ఉంచే ఫ్రేములకీ, పై అంచు వెంట వేసే అంచుపట్టీలకీ గట్టి చెక్క కావాలి. ఉద్దానం పనస మంచిది. నీటికి ఓర్చుకుంటుంది, చిత్రికకి లొంగుతుంది. తుపానుకి కూలిన చెట్టు కలప అయితే ఒక జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో పనస, కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని పడ్డాయి. గాలికి వంగి విరిగిన మానులో ఈనెకి (చెక్క నార సాగే దారికి) అడ్డంగా వెంట్రుకవాసి గీతలు పడతాయి. పలకని నున్నగా చిత్రిక పట్టి, ఏటవాలు ఎండలో చూస్తే అవి ముడతల్లా కనబడతాయి. అలాంటి పలక కుర్చీకి పనికొస్తుంది, వంచే పట్టీకి పనికిరాదు, గీత దగ్గరే పుటుక్కున తెగుతుంది. అడుగున ఇసుక రాసుకునే పట్టీలకి సాల్ (మనవైపు గుగ్గిలం చెట్టు) బాగుంటుంది. బరువెక్కువే గాని అరుగుదలకి తట్టుకుంటుంది. అంచుపట్టీలకి నిటారు ఈనె ఉన్న టేకు దొరికితే అంతకంటే కావలసింది లేదు. సామిల్లులో బిల్లు అడిగి తీసుకోండి. పచ్చి కలప వద్దు. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలని పాత లెక్క.

షీటుని కోయడం, అతకడం

6 మి.మీ. షీటుని పొడుగునా మూడు చీలికలుగా కోయండి. రంపం తినేది పోను ఒక్కోటి 404 మి.మీ. వెడల్పు వస్తుంది. రెండు షీట్లకి ఆరు చీలికలు. నాలుగు పక్కలకి, రెండు వెనుక పలకకి. వెనుక పలకకి 40 అంగుళాల ముక్కలు మూడు ఒకదానిమీద ఒకటి ఎపాక్సీతో అతికితే 18 మి.మీ. మందం వస్తుంది. మిగిలిన ముక్కలు ఫ్రేము మూలలకి సరిపోతాయి. చిన్న మోటారు తగిలించే ఆలోచన ఉంటే వెనుక పలక మధ్యలో లోపలివైపు ఇంకో 18 మి.మీ. దిమ్మ అతకండి. 15 అంగుళాల ఎత్తు షార్ట్ షాఫ్ట్ మోటారుకి సరిగ్గా వస్తుంది.

రెండు చీలికల్ని కొసలకి కొసలు ఏటవాలుగా అతికి పొడవు చేయాలి. వాలు మందానికి 8 రెట్లు. 6 మి.మీ.కి 48, 9 మి.మీ.కి 72 మి.మీ. ఇంతకంటే నిటారుగా కోస్తే, వంచినప్పుడు అతుకు దగ్గర పక్కలు కుందేలు చెవిలా మడత పడతాయి.

నాలుగు చీలికల్నీ బల్ల అంచున మెట్లు మెట్లుగా పేర్చండి. ఒక్కో మెట్టు 48 మి.మీ. వెనక్కి. కింద చీలిక అంచు బల్ల అంచుకి సరిగ్గా ఉండాలి, లేకపోతే కొస కింద ఆధారం లేక విరిగిపోతుంది. క్లాంపులతో బిగించి, పదునైన చిత్రికతో మెట్లన్నీ కలిపి ఒకే వాలుగా దించండి. ఇక్కడ కొలబద్ద అక్కర్లేదు, ప్లైవుడ్డే చెబుతుంది. పొర పొరకీ మధ్య జిగురు గీత వాలు మీద చారలా బయటపడుతుంది. చారలన్నీ తిన్నగా, ఒకదానికొకటి సమదూరంలో ఉంటే వాలు సరిగ్గా ఉన్నట్టు. చార ఎక్కడ వెడల్పైందో అక్కడ వాలు పల్చబడింది, ఎక్కడ ఇరుకైందో అక్కడ నిటారైంది. చార వంకర తిరిగితే చిత్రిక ఒకవైపు ఒరిగిందని అర్థం. కొస చివరికి కత్తి అంచులా పల్చగా రావాలి, కానీ చిరగకూడదు. ఆఖరి రెండు మూడు పోట్లు చిత్రిక వదిలేసి, చెక్కదిమ్మకి గరుకు కాగితం చుట్టి రుద్దండి.

అతికేటప్పుడు చేసే పెద్ద తప్పు ఎపాక్సీ ముద్దని నేరుగా పూసి నొక్కేయడం. వాలు అంతా తెరిచిన కొసే. నోళ్లన్నీ రెసిన్‌ని తాగేసి అతుకులో ఏమీ మిగల్చవు. ముందు ఉత్త ఎపాక్సీ కుంచెతో పూయండి. 10 నిమిషాలాగి చూడండి, మెరుపు పోయి మందంగా కనబడిన చోట మళ్లీ పూయండి. ఆ తర్వాతే సన్న చెక్కపొడి కలిపిన ముద్ద పట్టించి కలపండి. కిందా మీదా పాలిథిన్ కాగితం, దానిమీద తిన్నని చెక్క, రెండు క్లాంపులు. అతుకు జారకుండా పక్కన రెండు సన్న మేకులు. అంచుల్లోంచి ముద్ద పూసలా పొంగితే చాలు, అంతకంటే బిగిస్తే ఉన్నది కాస్తా బయటికి పోతుంది. ఒక రోజు కదపకండి. 9 మి.మీ. షీట్లని ఇలాగే 4 అడుగుల వెడల్పునా అతికి ఒకే పెద్ద పలక చేయండి.

ఎపాక్సీ కలిపే సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. డబ్బామీద రాసిన పాళ్లని వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచే కలపండి, కంటి లెక్క పనికిరాదు. త్వరగా గట్టిపడాలని గట్టిపరిచేది ఎక్కువ పోస్తే గట్టిపడదు, ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. ఒకసారికి 200 గ్రాములు చాలు. లోతు గ్లాసులో ఉంచితే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది, వెడల్పు పళ్లెంలోకి ఒంపేయండి. చేతికి తొడుగులు తప్పనిసరి.

ఆకారం రావడం

అతికిన చీలికని పై అంచున 14 అడుగుల 4 అంగుళాలకి కోయండి. ముక్కువైపు కింద మూల పై మూల కంటే 8 అంగుళాలు వెనక్కి ఉండేలా వాలు, వెనకవైపు కింద మూల 3 అంగుళాలు ముందుకి ఉండేలా వాలు. రెండు పక్కల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కలిపే కోయండి. రెండూ అచ్చంగా ఒకేలా లేకపోతే పడవ జీవితాంతం ఒకవైపుకి లాగుతుంది.

మధ్య ఫ్రేము అడుగున 36 అంగుళాలు, పైన 48, నిలువు ఎత్తు 14¾ అంగుళాలు. 45×20 మి.మీ. పనస లేదా మద్ది బద్దలు, మూలల్లో 6 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు వైపులా. వెనుక పలక అడుగున 29, పైన 39, ఎత్తు 15. ఈ రెండే ముందు చేసుకోండి. మిగతా రెండు ఫ్రేములూ పడవ ఆకారానికి వచ్చాక అక్కడ కొలిచి చేసేవి. కాగితం మీద కొలతతో ముందే కోస్తే అవి పక్కల్ని పొడుచుకుని బయటికి గూని తెప్పిస్తాయి.

ముక్కు దగ్గర రెండు పక్కలకీ అంచుకి 10 మి.మీ. లోపల, 4 అంగుళాలకొకటి 2 మి.మీ. బెజ్జాలు వేసి రాగి తీగతో వదులుగా కుట్టండి. పుస్తకంలా తెరిచి, ముక్కు నుంచి 7 అడుగుల 4 అంగుళాల దగ్గర మధ్య ఫ్రేము నిలబెట్టి, రెండు పక్కలా తాత్కాలిక స్క్రూలు వేయండి. వెనక కొసలు రెండూ దూరంగా విచ్చుకుని ఉంటాయి. వాటి చుట్టూ తాడు వేసి, మధ్యలో కర్ర దూర్చి మెలితిప్పుతూ దగ్గరికి లాగండి. ఒకేసారి కాదు, నాలుగు మెలికలు తిప్పి కాసేపు ఆగి, మళ్లీ నాలుగు. వెనుక పలక పట్టేంత దగ్గరయ్యాక దాన్ని కుట్టి బిగించండి.

ఇప్పుడు ఒక చక్కని విషయం కనబడుతుంది. తిన్నని చీలికలే అయినా పక్కలు బయటికి వాలి వంగడం వల్ల ముక్కు దానంతటదే ఆరేడు అంగుళాలు పైకి లేస్తుంది, వెనక కాస్త లేస్తుంది. ఎవరూ గీయకుండానే పడవ రూపు వచ్చేస్తుంది.

ఇక్కడ గంట ఎక్కువ ఖర్చయినా ఫర్వాలేదు, పడవలో మెలిక ఉందేమో, అంటే ఒకవైపుకి తిరిగిందేమో చూడాలి. ముక్కు మొన నుంచి వెనుక పలక రెండు పై మూలలకీ టేపు పట్టి కొలవండి, తేడా 5 మి.మీ. లోపుండాలి. తర్వాత మధ్య ఫ్రేము మీద ఒకటి, వెనుక పలక మీద ఒకటి తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి, దూరం నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు బద్దల అంచులూ ఒకే గీతలో కనబడాలి. ఒకటి కత్తెరలా వాలితే కింద సన్న చెక్కముక్కలు పెట్టి సరిచేయండి. ఎపాక్సీ పడిన తర్వాత మెలికని బ్రహ్మదేవుడు కూడా తీయలేడు.

పడవని బోర్లించి, పెద్ద అడుగు పలకని మీద పరిచి, లోపల నుంచి పెన్సిల్‌తో అంచు గీయించండి. గీతకి అర అంగుళం బయట కోసి, 6 అంగుళాలకొక కుట్టు, ముక్కు దగ్గర 4 అంగుళాలకొకటి. కుట్లు ముందు అన్నీ వదులుగా, తర్వాత మధ్య నుంచి రెండు కొసలకీ బిగించుకుంటూ రండి. తీగ పటకారుతో మెలితిప్పేటప్పుడు ప్లైవుడ్ అంచు నలిగితే ఆపేయండి.

మూలలు మూయడం

పడవని వెల్లకిలా తిప్పి మెలిక ఇంకోసారి చూసుకోండి. ఎపాక్సీలో జల్లించిన సన్న చెక్కపొడి కలిపి గారెల పిండి పాకానికి తెండి. గరిటె తిరగేస్తే జారకూడదు. మూలలో ముందు ఉత్త ఎపాక్సీ పూసి, కుట్టుకీ కుట్టుకీ మధ్య మాత్రం ముద్ద పెట్టి ఒక రోజు వదిలేయండి. గట్టిపడ్డాక తీగలు కోసి లాగేయండి. రానిది ఉంటే తీగ కొసకి టంకం వేసే ఇనుము కాసేపు ఆనిస్తే వేడికి వదులవుతుంది. తర్వాత మూల పొడుగునా ముద్ద నింపి, కొబ్బరి చిప్ప ముక్క అంచుని ముప్పావు అంగుళం గుండ్రానికి అరగదీసి, దాంతో ఒకే లాగులో నున్నగా లాగండి. పచ్చిగా ఉండగానే దానిమీద గాజు టేపు రెండు వరసలు, రెండోది అర అంగుళం పక్కకి జరిపి. కుంచెతో ఒత్తుతూ తడిపితే తెల్ల గుడ్డ అద్దంలా మాయమవుతుంది. ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ లోపల గాలి ఉంది.

మళ్లీ బోర్లించి బయట అడుగు పలక మిగులు చిత్రికతో తీసేసి, మూలని పావు అంగుళం గుండ్రంగా చేయండి. మొనదేలిన మూల మీద గాజు గుడ్డ నిలబడదు, లేచి కింద సొరంగం మిగులుతుంది. బయట టేపు ఒక వరస, దానిమీద అడుగంతా నేత గుడ్డ పరిచి, పక్కల మీదికి 2 అంగుళాలు మడవండి. ముక్కు బయటి మొనని చదునుగా చెక్కి, దానికి సాల్ బద్ద ఒకటి అతకండి, ఒడ్డుకి తగిలేది అదే. అడుగున 1½×1 అంగుళం పట్టీలు మూడు పొడుగునా. వీటిని బయట నుంచి స్క్రూలతో బిగించండి, అరిగినప్పుడు మార్చుకోవచ్చు. మధ్య పట్టీకి వెనక చివర 3 అడుగుల పొడవున 3 అంగుళాల లోతు రెక్క ఉంటే పడవ తెడ్డుకి తిన్నగా నడుస్తుంది, లేకపోతే గుండ్రంగా తిరుగుతుంది.

స్క్రూ పడే ప్రతి బెజ్జానికీ ఒకటే పద్ధతి. కావలసినదానికంటే పెద్ద బెజ్జం వేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక ఆ ముద్దలోనే చిన్న బెజ్జం వేయండి. అప్పుడు స్క్రూ చుట్టూ చెక్క ఉండదు, ఎపాక్సీ గోడ ఉంటుంది. స్క్రూ వదులై నీరు చేరినా ఆ గోడ దగ్గరే ఆగుతుంది.

అంచుపట్టీలు లోపలా బయటా 1½×¾ అంగుళం. పొడవు చాలకపోతే ఇవీ ఏటవాలుగానే అతకాలి, రెండు పక్కల అతుకులూ ఎదురెదురుగా రాకుండా చూసుకోండి. ఫ్రేముల కింద రెండు మూలల్లోనూ ముప్పావు అంగుళం నీటి కన్నం వదలండి. అది లేకపోతే ప్రతి ఫ్రేము వెనకా ఒక చెరువు తయారవుతుంది. ఆ కన్నం లోపలి అంచుకి పూత వేయడం అందరూ మరిచిపోతారు. కుళ్లు మొదలయ్యేది అక్కడే.

మొత్తం పడవకి ఉత్త ఎపాక్సీ మూడు పూతలు, కొసలకి ఐదు. ఏ పూటన్నది ముఖ్యం. ఉదయం పూస్తే ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి వేడెక్కి బయటికొచ్చి పూతంతా బుడగలు పొక్కిస్తుంది. మధ్యాహ్నం మూడింటికి, నీడలో, వేడి తగ్గుముఖం పట్టాక పూయండి. గాలి చల్లబడి ముడుచుకుంటూ ఎపాక్సీని నోళ్లలోకి పీల్చుకుంటుంది. మంచు పడే రాత్రులైతే పైన టార్పాలిన్ కప్పండి. మర్నాడు పూత మీద మైనంలాంటి జిడ్డు కనబడితే నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి ఆరబెట్టాకే తర్వాతి పూత. జిడ్డు మీదే రుద్దితే గరుకు కాగితం మూసుకుపోతుంది, రంగు పట్టదు. ఎపాక్సీ ఎండకి ఓర్చుకోదు కాబట్టి పైన ప్రైమరు, రంగు తప్పవు. లోపల లేత రంగే వేయండి, ముదురు రంగైతే మార్చి ఎండకి అరికాళ్లు కాలతాయి.

పలాసలో దొరికే జీడిపెంకు నూనె గురించి ఒక మాట. చెక్కకి పురుగు పట్టకుండా పడవలకి పూసే పాత మందు అది, గుణం కూడా ఉంది. కానీ ఎపాక్సీకి ముందు పూస్తే ఏదీ అంటదు. పని అంతా అయ్యాక తెడ్లకీ, మార్చుకునే అడుగు పట్టీలకీ మాత్రమే పల్చగా పూయండి. చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి, ముఖం దగ్గరికి రానీయకండి. దాని పొగ కూడా మంచిది కాదు.

పలకలతోనే కట్టాలనుకుంటే

ప్లైవుడ్ దొరకని చోట, లేదా పనస పలకలు ఇంట్లోనే ఉన్నచోట, పక్కలకి ముప్పావు అంగుళం పలకలు, అడుగుకి అడ్డంగా పరిచే పలకలు వాడొచ్చు. ఫ్రేములు అప్పుడు మూడు కాదు, అడుగున్నరకొకటి కావాలి. పలకల సందు లోపలి వైపు బిగుతుగా, బయటి వైపు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, విచ్చుకుని ఉండాలి. ఆ విచ్చులో పత్తి తాడు మొద్దు ఉలితో దిగగొట్టి, గుగ్గిలం పొడిని నూనెలో సన్న సెగ మీద కరిగించిన ముద్దతో మూస్తారు. గుగ్గిలం మంటకి అంటుకుంటుంది, పాత్ర సగానికి మించి నింపకండి, మూత దగ్గర పెట్టుకోండి. పత్తి మరీ గట్టిగా కొట్టినా తప్పే. నీళ్లలో పలక ఉబ్బినప్పుడు చోటు లేక ఫ్రేము మేకుల్ని పీకేస్తుంది. ఈ పడవ మొదటి రోజు కారుతుంది, కంగారు పడక్కర్లేదు. గట్టు దగ్గర లోతులేని నీళ్లలో రెండు రోజులు నాననిస్తే సందులు మూసుకుంటాయి. తర్వాత నెలల తరబడి ఎండలో పెట్టి మళ్లీ దింపితే మళ్లీ మొదటికొస్తుంది. రోజూ నీళ్లలో ఉండే పడవకి పలకలు బాగు. వారానికోసారి దింపేదానికి ప్లైవుడ్డే మేలు.

నీళ్లలోకి దింపే ముందు

పడవని ఇసుక కుప్ప మీద పెట్టి లోపల అంగుళం ఎత్తున నీళ్లు పోయండి, బల్లల మీద పెట్టి పోయకండి, బరువుకి అడుగు పగులుతుంది. బయట మూలలన్నిటికీ ముందే పొడి సుద్ద రుద్ది ఉంచితే కారేచోట నల్లగా తడి గీత కనబడుతుంది. మూసుకుని మళ్లీ పోయండి.

కూర్చునే బల్లల కింద 20 లీటర్ల మూత బిగుతున్న ఖాళీ డబ్బాలు ఐదు నైలాన్ తాడుతో గట్టిగా కట్టండి. పడవ నీటితో నిండినా దాదాపు 100 కిలోలు ఎత్తి పట్టుకుంటాయి, పట్టుకుని వేలాడటానికి ఆధారం దొరుకుతుంది. థర్మాకోల్ వద్దు, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. లైఫ్ జాకెట్లు మనిషికొకటి, డబ్బాలు వాటికి బదులు కాదు.

గెడకి సరుగుడు కర్ర 14, 15 అడుగులది. పచ్చిగా ఉండగానే బెరడు తీసి, నీడలో నిలువుగా వేలాడదీసి ఆరబెట్టండి. నేల మీద పడేస్తే వంకర తిరుగుతుంది. కింది కొసకి, తెడ్డు రెక్క చివరికి కూడా ఎపాక్సీ పట్టించండి. రోజూ నీళ్లు తాగేవి ఆ రెండు కొసలే.

వాడకం అయ్యాక పడవని ఒడ్డుకి లాగండి. ఉప్పుటేట్లో వారాల తరబడి కట్టి ఉంచితే పూత గీరుకుపోయిన చోట చెక్క తొలిచే పురుగు దూరుతుంది, బయటికి కన్నం సూదిమొనంతే కనబడుతుంది, లోపల తేనెపట్టులా ఉంటుంది. ఉప్పునీటి కంటే లోపల నిలిచిన వాననీరు ఇంకా చెడ్డది, కుళ్లు తెచ్చేది అదే. రెండు దుంగల మీద బోర్లించి, పైన తాటాకు కప్పండి, నేలకీ పడవకీ మధ్య గాలి ఆడాలి. ఏటా వానలకి ముందు ఒకసారి చేత్తో అంచులన్నీ తడిమి చూడండి. రంగు లేచినచోట, గీరుకుపోయినచోట, పట్టీ కొస విచ్చినచోట గీకి, పూర్తిగా ఆరనిచ్చి, మధ్యాహ్నం మూడింటికి ఎపాక్సీ పూయండి.